వసంత టీచరమ్మ సైట్‌కి ఎన్ని మార్కులు?

రండర్రా, రండి. ఇవాళ ఫోన్లు పక్కన పడెయ్యమని అననులే, వాటితోనే పని. ముందు అందరూ కుడిచెయ్యి బారుగా చాచండి. మోచెయ్యి వంగకూడదు. ఇప్పుడు బొటనవేలు నిలబెట్టండి. ఆ గోరు వెడల్పు ఎంతుందో చూశారా? మన కన్ను ఒక్క చూపులో గీత గీతా విడదీసి చూడగలిగేది ఇంచుమించు అంత మేరే. కోణంలో చెప్పాలంటే సుమారు 2 డిగ్రీలు. దాని చుట్టూ ఉన్నవి ఉన్నాయని తెలుస్తుంది, కదిలితే తెలుస్తుంది, అంతే. అక్షరాలు మాత్రం చదవలేం. అబద్ధమనుకుంటే గోడమీది క్యాలెండర్ చూడండి. మధ్యలో 15 అంకె మీద చూపు నిలబెట్టి, కళ్లు కదపకుండా, చివరి వరసలో తేదీ కింద ఉన్న తిథి ఏమిటో చెప్పండి. ఏం, రావడం లేదా? నాకూ రాదు.

కంటి లోపలి తెర మధ్యలో ఓ చిన్న గుంట ఉంటుంది. సన్నని వివరాలు పట్టే కణాలన్నీ అక్కడే కిక్కిరిసి ఉంటాయి. అందుకని చదివేటప్పుడు మన చూపు లైను మీద జారుకుంటూ పోదు. ఓ చోట ఆగుతుంది, గభాలున గెంతుతుంది, మళ్లీ ఆగుతుంది. ఆగినప్పుడల్లా సెకనులో పావువంతు. ఈ గెంతుల సంగతి 1879 ప్రాంతంలో ఫ్రాన్సులో ఎమిల్ జవాల్ అనే కంటి డాక్టరు ప్రయోగశాలలో బయటపడింది.

“తాతయ్యా, అక్క వెబ్‌సైట్‌కి మార్కులు వేస్తానని పిలిచి బొటనవేలు చూపించమంటావేంటి?” అంటున్నాడు బుజ్జిగాడు. అక్కడికే వస్తున్నానురా, కాస్త ఓపిక పట్టు.

మా పెద్ద మనవరాలు వసంత జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు చెప్తుంది, మీకు తెలుసుగా. సెలవుల్లో కూర్చుని తన క్లాసు పిల్లల కోసం ఓ వెబ్‌సైట్ తయారుచేసింది. తీసుకొచ్చి నా చేతిలో పెట్టి, “పదికి ఎన్ని వేస్తావు తాతయ్యా?” అంది. చూశాను. పైన ‘స్వాగతం సుస్వాగతం’ అని అక్షరాలు కుడినుంచి ఎడమకి పరుగులు తీస్తున్నాయి. కింద బడి భవనం ఫోటో. దాని కింద హెడ్మాస్టరుగారి సందేశం, ఆ పైన ఆయన ఫోటో. ఓ మూల జెండా రెపరెపలాడుతోంది, ఇంకో మూల గ్లోబు గిరగిరా తిరుగుతోంది. ఆ తర్వాత ఆణిముత్యాలు, నేటి సూక్తి. కష్టపడింది పిల్ల, కాదనను. నాకు మాత్రం కొన్ని పెళ్లి శుభలేఖలు గుర్తొచ్చాయి. వినాయకుడు, శ్లోకం, బంగారు తీగలు, బంధువుల వరస అన్నీ ఉంటాయి. ముహూర్తం ఎన్నింటికో, కల్యాణమండపం ఎక్కడో వెతుక్కోవాలి.

“చూడ్డానికి బావుందే అమ్మడూ. మార్కులు నేను వెయ్యను, ఇది నాకోసం చేసింది కాదుగా. ఎవరికోసం చేశావో వాళ్లచేత వేయిద్దాం” అన్నాను.

దానికి పెద్ద హంగామా ఏం అక్కర్లేదు. ఫోన్ పిల్లవాడి చేతికిచ్చి మూడు పనులు చెప్పాలి. ఒకటి: నిన్న నువ్వు బడికి రాలేదు, ఏం చెప్పారో, హోంవర్క్ ఏమిచ్చారో కనుక్కో. రెండు: రాబోయే పరీక్ష ఎప్పుడు, ఏ పాఠాలు ఉంటాయి? మూడు: పాఠంలో డౌటు వచ్చింది, టీచర్ని ఎలా అడుగుతావు? అడిగాక పెద్దవాళ్లు పాటించాల్సిన నియమం ఒక్కటే, నోరు మూసుకు కూర్చోవడం. ‘అక్కడ కాదురా, కింద చూడు’ అన్నామా, పరీక్ష పాడైపోయినట్టే. పిల్లవాణ్ణి మాత్రం పైకి మాట్లాడమనాలి: ఏం వెతుకుతున్నావు, ఏం కనపడింది, ఎందుకు ఆగావు? సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కొత్త సరుకు బయటికి వదిలేముందు చేసే పనే ఇది. మనం అరుగుమీద చేశాం, అంతే తేడా.

ముందు ఎదురింటి శిరీష కూర్చుంది. ఎనిమిదో తరగతి, చురుకైన పిల్ల. బొటనవేలితో తెరని పైకి తోసింది, మళ్లీ తోసింది, మళ్లీ తోసింది. సుస్వాగతం దాటింది, సందేశం దాటింది, సూక్తి దాటింది. హోంవర్క్ ఎక్కడో అడుగున ఉంది. అక్కడిదాకా పోకుండానే “లేదు తాతయ్యా, టీచర్ పెట్టలేదనుకుంటా” అంది. పక్కన వసంత ‘ఉందే బాబూ’ అనబోయి నా మొహం చూసి ఆగిపోయింది.

ఇప్పుడు గోరు సంగతి పనికొస్తుంది, వినండి. పేజీ తెరవగానే మొత్తం మనకి కనపడుతున్నట్టే ఉంటుంది. నిజానికి కన్ను ఆ గోరంత కిటికీలోంచి అక్కడక్కడా తడుముతుంది. 2006లో జేకబ్ నీల్సన్ అనే ఆయన బృందం 232 మందిని కూర్చోబెట్టి, వెబ్ పేజీలు చూసేటప్పుడు వాళ్ల చూపు ఎక్కడెక్కడ ఆగుతుందో పరికరాలతో పట్టింది. చాలామంది పై వరస అడ్డంగా చదివారు, కాస్త కిందకొచ్చి ఇంకో వరస కొంతమేర చదివారు, ఆ తర్వాత ఎడమ అంచు వెంబడి కిందకి జారిపోయారు. అంటే పై రెండు వరసలూ బంగారం. ఆ బంగారం లాంటి జాగాని వసంత ‘స్వాగతం సుస్వాగతం’కి ధారపోసింది!

పైగా ఆ పరుగెత్తే అక్షరాలు, జెండా, గ్లోబు. ఇందాక చెప్పానే, చూపు అంచున వివరం తెలియదు గానీ కదలిక ఇట్టే తెలుస్తుందని. కదిలిందంటే చూపు అటు పోవాల్సిందే, అది మన చేతుల్లో లేదు. చదివే పిల్ల పక్కన ఏదో ఒకటి ఆడుతూనే ఉంటే చూపు మాటిమాటికీ అటు గెంతి వస్తుంది. గెంతినప్పుడల్లా చదువుతున్న లైను మళ్లీ వెతుక్కోవాలి.

తర్వాత రఫీ వచ్చాడు. వాడికి అరుగుమీద కూర్చోవడం కుదరదు, ఎండలో నిలబడే ఫోన్ చూస్తానన్నాడు. అదీ మంచిదే, బయట అందరూ అలాగే చూస్తారు కదా. ‘ముఖ్య గమనిక’ దగ్గరికొచ్చి కళ్లు చిట్లించాడు. తెల్లటి తెరమీద ఎర్రటి అక్షరాలు. “ఇదేం కనపడట్లేదు” అని కిందకి పోయాడు. ముఖ్యమని ఎర్రరంగు వేస్తే అదొక్కటీ వదిలేశాడు!

ఎందుకలా అయిందో లెక్క వేద్దాం, సరదాగా ఉంటుంది. తెరమీద తెలుపు అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు మూడూ కలిసి. మన కంటికి ఆ మూడూ సమానంగా తోచవు. తెలుపు వెలుగుని 100 అనుకుంటే అందులో ఆకుపచ్చ వాటా 72 దాకా, ఎరుపు వాటా 21, నీలం వాటా 7. ఇప్పుడు తెల్లటి తెరమీద పసుపు అక్షరం రాయండి. తెరమీద పసుపంటే ఎరుపూ ఆకుపచ్చా కలిపినదే, 21కి 72 కలిపితే 93. వెనక 100, ముందు 93. ఇంక ఏం కనపడుతుంది? నీలం చూడండి, దాని వెలుగు 7. వెనక 100, ముందు 7. దిట్టంగా కనపడుతుంది. ఎరుపు 21, మధ్యరకం.

వెబ్ ప్రమాణాలు రాసేవాళ్లు దీనికో నిష్పత్తి పెట్టారు. వెలుగు ఎక్కువున్న రంగు విలువకి 0.05 కలిపి, తక్కువున్న రంగు విలువకీ 0.05 కలిపి, మొదటిదాన్ని రెండోదాంతో భాగించాలి. ఇందాక 100 అనుకున్న తెలుపు ఇక్కడ 1, నలుపు 0. కాబట్టి తెలుపు మీద నలుపుకి 1.05ని 0.05తో భాగిస్తే 21. మామూలు సైజు అక్షరాలకి ఈ అంకె కనీసం 4.5 ఉండాలన్నారు. తెలుపు మీద నీలానికి 8.6 వస్తుంది, పాస్. ముదురు ఎరుపు కాకుండా మామూలు కొట్టొచ్చినట్టుండే ఎరుపుకి 4, అంటే కొద్దిలో ఫెయిల్. పసుపుకి 1.07. దాన్ని ఫెయిల్ అనడం కూడా మర్యాదే.

“ఆ 0.05 ఎక్కణ్ణుంచి వచ్చింది తాతయ్యా?” మంచి ప్రశ్న వేశావే శిరీషా. తెర ఎంత నల్లగా ఉన్నా చుట్టుపక్కల వెలుతురు దానిమీద పడి వెనక్కి వస్తుంది కదా, అది కలుపుతున్నారు. గదిలో అయితే అది కొంచెమే. రఫీ ఎండలో నిలబడ్డాడు, అక్కడ ఆ వెలుతురు 0.5 అయిందనుకుందాం. ఇప్పుడు తెలుపు మీద నలుపు కూడా 1.5ని 0.5తో భాగిస్తే 3కి పడిపోయింది. ఎరుపు 2.1. పాపం రఫీ కళ్లు చిట్లించాడంటే చిట్లించడూ! ఇంకో సంగతి, ఎరుపు ఆకుపచ్చల తేడా పుట్టుకతోనే సరిగా తెలియని మగపిల్లలు ఉంటారు. ఐరోపా జాతుల్లో అయితే నూటికి 8 మంది దాకా. ‘ఆకుపచ్చవి చేసినవి, ఎర్రవి చెయ్యనివి’ అని రంగు మీదే భారం వేస్తే వాళ్లకి రెండూ ఒకటే. పక్కన ‘అయింది’, ‘కాలేదు’ అని ఓ మాట రాస్తే పోలా?

రఫీ ఇంకా నీడలోకి రానేలేదు, ‘నోట్సు’ మీద నొక్కాడు. గుండ్రంగా తిరగడం మొదలైంది. తిరుగుతోంది, తిరుగుతోంది. “అయిపోయింది తాతయ్యా, మా ఫోన్లో ఇంక రాదు” అన్నాడు అనుభవజ్ఞుడిలా. మనిషి ఓపికకి నీల్సన్ 1993లో రాసిన కొలతలున్నాయి. సెకనులోపు జవాబొస్తే ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనసు ఇంకో పనిమీదికి పోతుంది.

వసంత ఏం చేసిందంటే, నోట్సు చేత్తో అందంగా రాసి, ఒక్కో పేజీనీ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టేసింది. ఫోన్‌లో తీసిన ఫోటో తేలిగ్గా 4 ఎంబీ ఉంటుంది. బైటుకి 8 బిట్లు కాబట్టి అది 32 మెగాబిట్లు. ఊళ్లో సిగ్నల్ సెకనుకి 2 మెగాబిట్లు అందుతోందనుకుంటే ఒక్క పేజీకి 16 సెకన్లు. పది పేజీలకి రెండున్నర నిమిషాల పైన. పోనీ ఆ బరువంతా పిల్లవాడి కంటికి అందుతోందా అంటే, లేదు. ఫోటోలో 4000 చుక్కలు అడ్డం, 3000 చుక్కలు నిలువు, మొత్తం కోటీ ఇరవై లక్షలు. చవక ఫోన్ తెర వెడల్పు 720 చుక్కలు. ఆ వెడల్పులో ఫోటో ఇమిడితే చూపించేది 720ని 540తో గుణించినన్ని, మూడు లక్షల 89 వేల లోపు. అంటే నూటికి మూడు చుక్కలు చూపించడానికి నూరు చుక్కలు మోసుకొచ్చాం. డేటా డబ్బులు ఇచ్చేది రఫీవాళ్ల నాన్న.

అదే నోట్సు టైపు చేసి పెడితే? యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరాలకి, గుణింతపు గుర్తులకి ఒక్కోదానికి 3 బైట్లు పడుతుంది. ‘తెలుగు’ అన్న మాట చూడండి: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఆరు గుర్తులు, 18 బైట్లు. ఇలా వెయ్యి మాటల పాఠం మొత్తం కలిపితే 25 కేబీ చుట్టుపక్కల ఉంటుంది. ఒక్క ఫోటో బరువులో అలాంటి పాఠాలు 160 పడతాయి! వచ్చేది సెకనులో పదో వంతులో.

టైపు చెయ్యడంలో లాభం బరువొక్కటే కాదు. ‘పిడుగు’ అని వెతికితే దొరుకుతుంది. పెద్దది చేసుకుంటే అక్షరం చెదరదు. చూపులేని పిల్లలకి తెరమీది రాతని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లున్నాయి, ఎన్‌వీడీఏ అనేది ఉచితంగానే దొరుకుతుంది. అది అక్షరాలని చదువుతుంది గానీ ఫోటోలోని చేతిరాతని చదవలేదు. బొమ్మ పెడితే దాని వెనక ‘మేఘం అడుగున రుణావేశం చూపే పటం’ అని ఓ వాక్యం రాసిపెట్టాలి, అప్పుడు ఆ వాక్యం వినిపిస్తుంది. డీటీపీ సెంటర్లలో వాడే పాత ఫాంట్లలో కొట్టినది తెచ్చి అతికిస్తే మాత్రం ఫోన్లో ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనపడుతుంది. అందుకని యూనికోడ్‌లోనే కొట్టాలి. వరసల మధ్య జాగా కూడా ఇంగ్లీషుకి వదిలినంత చాలదు. ‘లక్ష్మి’ అని రాస్తే పైన గుడి, కింద ఒత్తులు. కింది వరసలో ‘శ్రీ’ వచ్చిందా, రెండూ ఢీకొంటాయి. అక్షరం ఎత్తుకి ఒకటిన్నర రెట్లు దూరం ఉంచితే కంటికి హాయి.

వసంత మొహం చిన్నబోయింది. “తాతయ్యా, పాఠం మాత్రం చాలా ఆసక్తిగా రాశాను, అదైనా చూడు” అంది. చూశాను. పిడుగుల పాఠం. వేడెక్కిన తేమగాలి పైకి లేవడం, మేఘంలో మంచు పలుకులు ఒకదాన్నొకటి రాసుకోవడం, ఆవేశాలు విడిపోయి రుణావేశం మేఘం అడుగుకి చేరడం, అక్కణ్ణుంచి నేలకి దారి ఏర్పడడం, అన్నీ వరసగా ఉన్నాయి. కానీ వాక్యానికీ వాక్యానికీ మధ్య రంగుల డబ్బాలు. ‘మీకు తెలుసా? పిడుగు విమానం మీద పడితే...’, ‘ఔరా! ఇసుక కరిగి గాజైపోయింది!’

విచిత్రం ఏమిటంటే, సరిగ్గా పిడుగుల పాఠంతోనే ఈ సంగతి పరీక్షించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరాలో రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నారు. ఆయనా, షానన్ హార్ప్ అనే ఆవిడా కలిసి 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరికి పిడుగు ఎలా పుడుతుందో చెప్పే పాఠం ఒక్కటే ఇచ్చారు. ఇంకొందరికి అదే పాఠంలో మధ్యమధ్య విమానాల కబుర్లు, ఈతగాళ్ల కబుర్లు చొప్పించి ఇచ్చారు. కబుర్లు కలిపిన పాఠం చదివినవాళ్లు పిడుగు పుట్టే వరసని తక్కువ గుర్తుంచుకున్నారు, కొత్త ప్రశ్నలకి తక్కువ జవాబులు చెప్పగలిగారు. కబురు రుచిగా ఉండబట్టే ఆలోచన దాని వెంట పడిపోయింది. కబుర్లు చెప్పే నేనే ఈ మాట అంటున్నానని నవ్వకండి! కబురు పాఠంలోకి తీసుకెళ్లాలి గానీ దాన్నుంచి పక్కకి లాక్కుపోకూడదు. ఆ డబ్బాలన్నీ తీసి పాఠం చివర ఓ చోట పెట్టమన్నాను. పటం ఓ చోట, అందులో భాగాల పేర్లు ఇంకో చోట పెట్టడం కూడా అంతే నష్టం. 1, 2, 3 అని అంకెలు వేసి, కింద జాబితా ఇస్తే బుర్ర సగం బలం పైకీ కిందకీ తిరగడానికే ఖర్చవుతుంది. పేరు బొమ్మలోనే ఆ భాగం పక్కన ఉండాలి.

రెండో పని, పరీక్ష తేదీ, శిరీష వాళ్లమ్మ సరోజకి ఇచ్చాం. తల్లులు కూడా చూస్తారుగా. ఆవిడ ‘మూల్యాంకన ప్రణాళిక’ అన్న బటన్ మీదుగా తిన్నగా వెళ్లిపోయింది. “పరీక్షలని ఎక్కడా లేదండి మాస్టారూ” అంది. లోపల ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షలన్నీ తేదీలతో సహా చక్కగా పట్టిక గీసి ఉన్నాయి. తలుపు మీద పేరు ఆవిడకి తగిలేలా లేదు. వసంత అక్కడికక్కడే ‘పరీక్షలు ఎప్పుడు?’ అని మార్చింది. ఈ మార్పుకి అరనిమిషం కూడా పట్టలేదు.

ఇంతకీ చూపు, బరువు, రంగు అన్నీ సరిచేస్తే సైట్ ఉపయోగపడినట్టేనా? అదిగో, అసలు ప్రశ్న అక్కడుంది. పిల్లవాడు చదివి పోవడానికైతే పాఠ్యపుస్తకమే ఉంది. పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లున్నాయి, స్కాన్ చేస్తే దీక్షాలో వీడియోలొస్తాయి. 2017 సెప్టెంబర్ 5న గురుపూజోత్సవం నాడు అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడుగారు ప్రారంభించిన వేదిక అది. దేశం మొత్తానికీ కలిపి చేసినదానితో వసంత పోటీపడక్కర్లేదు. తన క్లాసు పిల్లలు నిన్న ఎక్కడ తడబడ్డారో తనకొక్కదానికే తెలుసు. ఆ తెలివిడి సైట్‌లో ఉందా అన్నది చూడాలి.

ఇలాంటిదానికి ఓ మంచి ఉదాహరణ చెప్తాను. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో గ్లెన్‌బ్రూక్ సౌత్ హైస్కూల్లో టామ్ హెండర్సన్ అనే ఫిజిక్స్ మాస్టారు 1990ల్లో తన పిల్లల కోసం పాఠాలు వెబ్‌లో పెట్టడం మొదలుపెట్టారు. ‘ది ఫిజిక్స్ క్లాస్‌రూమ్’ అని పేరు. న్యూటన్ నియమాల దగ్గర్నుంచి కాంతి వక్రీభవనం దాకా ఉన్నాయి. తర్వాత లోకమంతా వాడుకుంది. హంగులు తక్కువ. పాఠాన్ని చిన్నచిన్న ముక్కలు చేశారు. ముక్క చివర ‘నీకు అర్థమైందో చూసుకో’ అని ప్రశ్నలు. జవాబు కనపడదు, బటన్ నొక్కితేనే బయటికొస్తుంది. పిల్లలు సాధారణంగా ఎక్కడ పొరబడతారో క్లాసులో చూసిన మాస్టారు కాబట్టి ప్రశ్న సరిగ్గా అక్కడే వేశారు.

ఆ దాచిన జవాబులో పెద్ద సంగతుంది. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు ఓ ప్రయోగం చేశారు. విద్యార్థులకి చిన్న వ్యాసం ఇచ్చి చదవమన్నారు. కొందరిని అదే మళ్లీ చదవమన్నారు. ఇంకొందరిని చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. 5 నిమిషాలాగి అడిగితే మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత అడిగితే తారుమారైంది. మళ్లీ చదివినవాళ్లకి నూటికి 42 పాళ్లు గుర్తుంది, చూడకుండా రాసినవాళ్లకి 56. గుర్తు తెచ్చుకోవడానికి పడే యాతనే గుర్తుండేలా చేస్తుంది. కాబట్టి సైట్‌లో నోట్సు నూరు పేజీలు పెట్టడం కన్నా పాఠానికి నాలుగు మంచి ప్రశ్నలు, జవాబు మూసి, తప్పు చెప్తే ఎందుకు తప్పో ఒక ముక్క రాసి పెట్టడం మేలు.

ఇంకా చూడాల్సినవి కొన్నున్నాయి, గబగబా చెప్పేస్తాను. మసాచుసెట్స్‌లో బడుల్లో పనిచేసిన కాథీ ష్రాక్ అనే ఆవిడ 1995లోనే టీచర్లకి పనికొచ్చే సైట్ల జాబితా మొదలుపెట్టి, ఏ సైట్‌నైనా ఐదు ప్రశ్నలు అడగమంది: ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు? ఇందులో ‘ఎప్పుడు’ని మనవాళ్లు మరిచిపోతారు. చివరిసారి మార్చిన తేదీ పేజీ మీద లేకపోతే, ఆ హోంవర్క్ ఈ వారానిదో పోయిన ఏడాదిదో పిల్లవాడికి ఎలా తెలుస్తుంది? ఇచ్చిన లింకులు కూడా అప్పుడప్పుడు నొక్కి చూడాలి. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో నూటికి 38, పదేళ్లు తిరిగేసరికి కనపడకుండా పోయాయని ప్యూ రిసెర్చ్ సెంటర్ 2024లో లెక్క తేల్చింది. పోతే, పిల్లల ఫోటోలు. వసంత బహుమతులు వచ్చిన పిల్లల ఫోటోలు పేరు, తరగతి, ఊరితో సహా పెట్టేసింది. 18 ఏళ్లలోపు వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అంటోంది. చట్టం మాట అటుంచి, ఎవరో తెలియనివాడికి మన శిరీష పేరూ మొహమూ బడీ ఒకే చోట దొరకడం మనకిష్టమా? తీసెయ్యమన్నాను, తీసేసింది.

“ఇంతమందికి చూపించావు కదా తాతయ్యా, ఇంకో ఇరవై మందిని పిలవనా?” అన్నాడు బుజ్జిగాడు. అక్కర్లేదురా. దీనికీ లెక్కుంది. నీల్సన్, థామస్ లాండవర్ కలిసి 1993లో చాలా పరీక్షల ఫలితాలు పోల్చి చూశారు. సగటున ఒక మనిషి కూర్చుని వాడితే లోపాల్లో నూటికి 31 బయటపడతాయి. అంటే 69 మిగులుతాయి. రెండో మనిషి పట్టేవాటిలో కొన్ని మొదటివాడు పట్టినవే కదా, కాబట్టి కొత్తగా దొరికేవి మిగిలినవాటిలో 31 శాతం. మిగిలేవి 48. మూడోవాడితో 33, నాలుగోవాడితో 23, ఐదోవాడితో 16. ఐదుగురితోనే 84 దొరికాయి! ఆరో మనిషి దగ్గర్నుంచి విన్నదే వింటాం. పదిహేనుమందిని ఒకేసారి కూర్చోబెట్టేకన్నా, ఐదుగురికి చూపించి, దిద్ది, మళ్లీ వేరే ఐదుగురికి చూపించడం తెలివి. ఈ 31 అన్నది సగటు మాత్రమే సుమా, సైట్‌ని బట్టీ పనిని బట్టీ మారుతుంది. అయినా ఒక్కరికీ చూపించకపోవడానికీ ఒక్కరికి చూపించడానికీ ఉన్నంత తేడా ఇంకెక్కడా లేదు.

వసంత దిద్దింది. పైన ‘ఈ రోజు హోంవర్క్’, దాని పక్కనే తేదీ. కింద ‘పరీక్షలు ఎప్పుడు?’, ఆ కింద పాఠాలు, ఆ తర్వాత డౌటు అడిగే డబ్బా. సుస్వాగతం పోయింది. హెడ్మాస్టరుగారి సందేశం ‘మన బడి’ అన్న లోపలి పేజీలోకి వెళ్లింది, ఆయనేమీ అనుకోలేదట. ఈసారి వేరే పిల్లల్ని కూర్చోబెట్టాం. మొదటి రెండు పనులూ చిటికెలో అయిపోయాయి. మూడోది, డౌటు అడగడం, అక్కడ చిత్రం జరిగింది. డబ్బా అందరికీ కనపడింది. నొక్కారు కూడా. ఒక్కరూ టైపు చెయ్యలేదు.

“ఏరా, కనపడలేదా?” అన్నాను. “కనపడింది తాతయ్యా. పేరు రాయమంటోంది. టీచర్ రేపు క్లాసులో చదివేస్తే అందరూ నవ్వుతారు” అన్నాడు ఒకడు. మిగతావాళ్లు తలలూపారు.

వసంత నావైపు చూసింది. పేరు అడగడం మానేస్తే సరిపోతుందా అని దాని ఆలోచన. అది ఓ మార్గమే, చెయ్యమన్నాను. కానీ ఆ నవ్వు పుట్టింది సైట్‌లో కాదు, క్లాసులో. డౌటు అడిగినవాణ్ణి చూసి నవ్వని క్లాసులో పిల్లలు చీటీ మీద రాసైనా అడుగుతారు, సైట్‌లోనైనా అడుగుతారు. అందుకని పదికి ఏడు వేశాను. మిగతా మూడూ సోమవారం క్లాసులో, ఎవరైనా చెయ్యెత్తి అడిగినప్పుడు, నల్లబల్ల దగ్గర సంపాదించుకోమన్నాను.